కణం మారకముందే

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదని పెద్దల మాట. వ్యాధుల విషయంలో ఈ సామెత అక్షరసత్యం. కొన్ని వ్యాధులు జ్వరంతోనో, నొప్పితోనో తమ రాకను ముందుగా చాటుతాయి. మరికొన్ని ఏళ్ల తరబడి దేహంలో మౌనంగా దాగి ఉండి, బయటపడేనాటికి చేయి దాటిపోతాయి. స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖ క్యాన్సర్ ఈ రెండవ కోవకు చెందినది. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే భారతదేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలు ఈ వ్యాధి బారిన పడ్డారు. దాదాపు 80,000 మంది మరణించారు. ముందుగా గుర్తిస్తే నివారించగలిగిన వ్యాధికి ఇందరు బలి కావడం మిక్కిలి విచారకరం.

ఈ వ్యాధిని తొలిదశలో పసిగట్టే మార్గాన్ని చూపిన శాస్త్రవేత్త జార్జ్ పాపనికొలావ్. ఆయన 1883లో గ్రీసు దేశంలో జన్మించి, అమెరికాలో పరిశోధనలు సాగించాడు. గర్భాశయ ముఖం నుండి సేకరించిన కణాలను గాజుపలకపై పరచి, రంగులు అద్ది, సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే రూపు మారుతున్న కణాలను గుర్తించవచ్చునని ఆయన నిరూపించాడు. హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి 1943లో ఈ విషయంపై గ్రంథాన్ని ప్రచురించాడు. ఆయన పేరు మీదుగానే ఇది 'పాప్ పరీక్ష'గా ప్రసిద్ధి పొందింది. దీనిని క్రమబద్ధంగా అమలు చేసిన దేశాలలో మరణాలు గణనీయంగా తగ్గాయి. అయితే ఈ పరీక్షకు శిక్షణ పొందిన నిపుణుల కన్ను అవసరం. ఒకసారి చేస్తే చాలదు. కొన్నేళ్లకొకసారి మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. వైద్యులు అరుదుగా కనిపించే పల్లెలకు ఇది అందని ద్రాక్షపండే అయింది.

ఇంతకూ ఆ కణాలు ఎందుకు రూపు మారుతున్నాయి? ఈ ప్రశ్నకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్ సమాధానం కనుగొన్నాడు. క్యాన్సర్ కణజాలంలో హ్యూమన్ పాపిలోమా వైరస్‌కు చెందిన 16వ రకాన్ని 1983లోను, 18వ రకాన్ని మరుసటి ఏడాదిలోను ఆయన బృందం గుర్తించింది. ఇందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్‌లో రెండువందలకు పైగా రకాలున్నా, ప్రమాదకరమైనవి సుమారు పద్నాలుగే. గర్భాశయ ముఖ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం.

ఈ వైరస్ లైంగిక సంపర్కం ద్వారా సంక్రమిస్తుంది. ఇది అత్యంత సాధారణమైనది. ఎక్కువమందిలో దేహపు రోగనిరోధక శక్తి దీనిని ఒకటి రెండేళ్లలోనే తుడిచివేస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠవేసి, కణ విభజనకు కావలి కాసే ప్రోటీన్లను నిర్వీర్యం చేస్తుంది. అదుపు తప్పిన కణం క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా పదిహేను నుండి ఇరవై ఏళ్లు పడుతుంది. ఈ సుదీర్ఘ వ్యవధియే వైద్యశాస్త్రానికి లభించిన వరం.

ఆ వరాన్ని సద్వినియోగం చేసేదే అణుస్థాయి పరీక్ష. ఇది కణం ఆకారాన్ని చూడదు. కణంలో దాగిన వైరస్ జన్యుపదార్థాన్ని వెదకుతుంది. పి.సి.ఆర్. పద్ధతిలో ఆ జన్యుపదార్థపు తునకను ఒకటి రెండుగా, రెండు నాలుగుగా రెట్టింపు చేస్తూ పోతారు. చదరంగపు గళ్లలో రెట్టింపైన గింజల కథవలె, ముప్పై ఆవృత్తులకు ఒక్క తునక సిద్ధాంతరీత్యా వంద కోట్లు దాటుతుంది. అప్పుడు లేశమాత్రంగా ఉన్న వైరస్ కూడా దాగలేదు. మరొక పద్ధతిలో వైరస్ డి.ఎన్.ఏ.కు సరిగ్గా జతపడే ఆర్.ఎన్.ఏ. పోగులతో దానిని పట్టి, వెలుగు రూపంలో గుర్తిస్తారు.

ఈ రెండవ పద్ధతి శక్తిని లోకానికి చాటినది మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా. నేడు ధారాశివ్‌గా పిలిచే ఈ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. 1999లో అక్కడి 52 గ్రామ సముదాయాలలో, 30 నుండి 59 ఏళ్ల వయస్సుగల 1,31,000 మందికి పైగా స్త్రీలతో ఒక అధ్యయనం మొదలైంది. వారిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి వైరస్ పరీక్షను, రెండవ వర్గానికి పాప్ పరీక్షను, మూడవ వర్గానికి ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్షను కేటాయించారు. నాలుగవ వర్గానికి పరీక్షలు లేవు. ఎనిమిదేళ్ల పరిశీలన అనంతరం 2009లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షలు లేని వర్గంలోని 31,488 మందిలో 64 మంది ఈ వ్యాధితో మరణించగా, వైరస్ పరీక్ష వర్గంలోని 34,126 మందిలో 34 మంది మరణించారు. ఒకే ఒక్క పర్యాయం చేసిన పరీక్షతో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. వైరస్ లేదని తేలిన స్త్రీలలో ఆ ఎనిమిదేళ్లలో ఒక్కరు కూడా ఈ వ్యాధితో మరణించలేదు. అయితే నాలుగవ వర్గపు స్త్రీలను పరీక్షించకుండా ఉంచడం న్యాయమా అని పలువురు ప్రశ్నించారు. విజ్ఞానం ఎవరి ప్రాణాలను పణంగా పెట్టి పెరుగుతున్నదో విస్మరించరాదన్న హెచ్చరిక అందులో ఉంది.

వైరస్ ఉన్నదని తేలినంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్లు కాదు. అది మరింత పరిశీలన అవసరమని చెప్పే సూచన మాత్రమే. మారుతున్న కణజాలం కనిపిస్తే, చాలా సందర్భాలలో దానిని వేడితోనో, అతిశీతలంతోనో స్వల్ప చికిత్సతో తొలగిస్తారు. యౌవనంలో ఈ వైరస్ తనంతట తానే తొలగిపోవడం సాధారణం గనుక, ఈ పరీక్షను సాధారణంగా ముప్పై ఏళ్లు నిండిన తరువాతే చేస్తారు. బిడియపడే స్త్రీలు తమ నమూనాను తామే ఏకాంతంగా సేకరించి ఇచ్చే వీలు కూడా ఇందులో ఉంది. బాలికలకు టీకా రక్షణనిస్తుంది. అయినా టీకా పొందినవారికి సైతం తగిన వయస్సులో పరీక్ష అవసరమే.

స్త్రీలలో 70 శాతం మందికి 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరొకసారి ఇటువంటి పరీక్ష అందాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో లక్ష్యంగా నిర్దేశించింది. నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులలో ఎందరో తల్లులు, పిన్నులు, మేనత్తలు ఈ వయస్సులోనే ఉన్నారు. ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని కనిపెట్టి చూసే ఆ స్త్రీలు తమ విషయం వచ్చేసరికి సిగ్గుతోనో, పని ఒత్తిడితోనో మౌనం వహిస్తారు. వైరస్ ఒకరి శీలానికి కొలమానం కాదు. పరీక్ష చేయించుకోవడం అపవాదు కాదు. వ్యాధి మౌనంగా పెరుగుతున్నప్పుడు మనుషులు కూడా మౌనంగా ఉంటే గెలిచేది వ్యాధియే. ఇంట్లో ఒక్కరు ఈ మాట ఎత్తినా చాలు, ఆ పదిహేనేళ్ల వ్యవధి వృథా కాకుండా ఒక ప్రాణం నిలుస్తుంది.