కత్తినీడలో కలము

మంగోలుల దండయాత్రలను గూర్చి మనము పాఠ్యపుస్తకములలో చదువునది సాధారణముగా శవముల లెక్క. 1221లో మెర్వు, నీషాపూరు నగరములు నేలమట్టమయ్యెను. 1258 ఫిబ్రవరిలో బాగ్దాదు పడిపోయెను. ఐదువందల యేండ్ల అబ్బాసీ వైభవము ఖలీఫా ముస్తాసింతో అంతరించెను. ఒక్క మెర్వులోనే పదమూడు లక్షల శవములను లెక్కించిరని జువైనీ యను చరిత్రకారుడు వ్రాసెను. ఆ సంఖ్యను నేటి పండితులు నమ్మరు. ఘోరము జరిగెనన్న మాటను మాత్రము ఎవ్వరును కాదనరు.

ఇంతకును ఆ లెక్క వ్రాసిన జువైనీ ఎవరు? పారశీకుడు, ముస్లిము, మంగోలుల కొలువులో ఉద్యోగి. అతని తండ్రియు ఆ కొలువే చేసెను. చెంఘిజ్‌ఖాను మనుమడగు హులాగూ వెంట లేఖకుడై నడచి, బాగ్దాదు పడిన మరుసటి యేడే ఆ నగరమునకు పాలకుడయ్యెను. తన దేశమును కాల్చినవారి చరిత్రను, వారి యుప్పు తినుచు వ్రాసినవాడన్నమాట! అతని ‘తారీఖె జహాంగుషా’లో విజేతలకు పొగడ్త కలదు; ఆ పొగడ్త ప్రక్కనే కాలిన యూళ్ల వివరమును కలదు. మన యాలంకారికులు చూచినచో దీనిని వ్యాజస్తుతి యందురేమో. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి యూరకుండుటలోనే అతని గుండె నాకు కనబడుచున్నది.

అయినను అతనిని పూర్తిగా వెనకేసికొని వచ్చుటకు నాకు నోరాడదు. 1256లో ఇస్మాయిలీల అలమూతు దుర్గము లొంగినపుడు, హులాగూ అనుమతితో అతడు అందలి గ్రంథాలయమున ప్రవేశించెను. ఖురాను ప్రతులను, మేలైన గ్రంథములను, ఖగోళపరికరములను ఏరి బయటికి దెచ్చెను. తన మతమునకు విరుద్ధములని తోచినవానిని తగులబెట్టించెను. ఇది పరులు మోపిన నింద గాదు, తానే వ్రాసికొనెను. ఆ మంటను మంగోలుల నెత్తిన వేయుటకు వీలులేదు.

ఇస్మాయిలీల యాశ్రయమును వీడి హులాగూను చేరిన మరొక పండితుడు నసీరుద్దీన్ తూసీ. బాగ్దాదు ముట్టడివేళ అతడు విజేత ప్రక్కనే యుండెను. అందుకు అతనిని క్షమింపనివారు నేటికిని కలరు. 1259లో అతనికై మరాఘాలో వేధశాల నిర్మాణము ప్రారంభమయ్యెను. ప్రభువునకు కావలసినది జ్యోతిషఫలము, పండితునకు కావలసినది గ్రహగణితము. ఒక్క కట్టడము ఇరువురకును చాలెను. తూసీ కల్పించిన జంటవృత్తముల యుపాయము 1543లో అచ్చైన కోపర్నికసు గ్రంథమునను కానవచ్చుచున్నది. అది అంతదూర మెట్లు చేరెనో పండితు లింకను వాదించుకొనుచునే యున్నారు.

పండితుల మాట యట్లుండగా, పొలముల మాట వేరు. పూడిక తీయు చేతులు లేక కాలువలు చెడి, భూములు బీడువడెను. 1294లో చీనా పద్ధతిని కాగితపు నాణెమును ప్రవేశపెట్టగా తబ్రీజు బజారులు మూతపడెను. 1295లో గద్దె నెక్కిన గాజాను, హులాగూకు మునిమనుమడు. ఊరూర చెల్లింపవలసిన పన్నును రాతిపైనను లోహపుటలకలపైనను చెక్కింపుడని అతడాజ్ఞాపించెను. పన్ను రావలెనన్న రైతు బ్రతికియుండవలెను గదా! ఆ మాట తెలియుటకు వారికి మూడు తరములు పట్టెను.

గాజాను మంత్రి రషీదుద్దీన్. యూదుడై పుట్టి ఇస్లామును స్వీకరించిన వైద్యుడు. రాజు కోరికపై మంగోలుల చరిత్రతో మొదలిడి, చీనా, ఫ్రాంకు, యూద, హిందూ దేశ చరిత్రలను కూర్చి ‘జామిఉత్తవారీఖ్’ రచించెను. అందలి బుద్ధచరిత్రకు కమలశ్రీ యను కాశ్మీర భిక్షువు సాయపడెను. తన రచనలకు ఏటేట అరబ్బీ, పారసీ ప్రతులు వ్రాయించుటకై రషీదుద్దీన్ తబ్రీజులో మాన్యములేర్పరచెను. కత్తిని కొలిచినవాడు కత్తిని నమ్మలేదు కాబోలు! 1318లో, సుల్తాను ఒల్జైతూకు విషమిచ్చెనను నేరము మోపి ఆ వృద్ధుని చంపిరి. అతడు కట్టించిన పేటను దోచిరి. అచ్చట 1314 ప్రాంతమున వ్రాసిన అరబ్బీ ప్రతి రెండుగా చీలి, ఒక భాగము నేడు ఎడింబరో విశ్వవిద్యాలయ గ్రంథాలయమునను, మరియొకటి ఖలీలీ సంగ్రహమునను ఉన్నవి.