మసి తుడిస్తే... మాసీ!

పత్తి ఏరడం అయిపోయింది. పీకిన కట్టెను దొడ్లో కుప్ప వేశారు. పక్కనే కసువు వామి. దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. అందులో నాన్న కాలం నాటి ట్రాక్టరు. ఎక్కణ్నుంచో ఓ నిప్పురవ్వ పడితే చాలు... తెల్లారేసరికి నల్లటి ఇనుప అస్థిపంజరం మిగులుతుంది!

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఏ రైతుకూ ఎదురుకాకూడని దృశ్యమది. చూడవచ్చినవాళ్లు 'తూకానికి వేసెయ్ అన్నా' అనేస్తారు. టన్నున్నర పైన బరువుండే బండి, పాత ఇనుము కిందైనా నాలుగు డబ్బులు రాకపోవు. ఇంటాయనకేమో మనసొప్పదు. నాన్న అప్పు చేసి కొన్న బండి అది. పిల్లల చదువులూ ఆడపిల్ల పెళ్లీ దాని చక్రాల మీదే నడిచాయి. మరి అమ్మాలా? బాగు చేయించాలా?

పాతకాలపు గట్టిదనం

మనదేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. మరుసటేడాది మద్రాసులో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ బండ్లను రైతుల ఇళ్లకు చేర్చింది. 1971లో పింజోర్ నుంచి హెచ్ఎంటీ జెటార్, 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ వచ్చాయి. మాసీ పూర్వీకురాలైన ఫెర్గూసన్ ట్రాక్టరు గట్టిదనం ఎంతటిదంటే, ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరిలో దక్షిణ ధ్రువానికి చేరింది వాటి మీదే!

ఆ తరం బండ్లలో కంప్యూటర్లూ సెన్సర్లూ లేవు. పోత ఇనుము, ఉక్కు, కొంచెం రబ్బరు, నాలుగు వైర్లు... అంతే. కాలిన తర్వాత కూడా ఆశ మిగిలేది అందుకే.

పళ్లు పట్టి చూసినట్టు...

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో ఎద్దును బేరమాడే రైతు దాని రంగు చూసి మోసపోడు. పళ్లు పట్టి చూస్తాడు. గిట్టలు తడుముతాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. కాలిన ట్రాక్టరునూ అలాగే చూడాలి. మంట ఎక్కడిదాకా వెళ్లిందో బండే చెబుతుంది.

రేడియేటర్ అతుకుల్లోని టంకం సుమారు 190 డిగ్రీలకే కరిగిపోతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. పోత ఇనుము 1,100 దాటితే గానీ కరగదు. అల్యూమినియం భాగాలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అక్కడ వేడి అంత దూరం పోలేదన్నమాట. పాత రంగు మిగిలిన చోట మరీ ధైర్యంగా ఉండొచ్చు. స్ప్రింగులూ బేరింగులూ మాత్రం నమ్మదగ్గవి కావు. కరక్కపోయినా వేడికి పదును పోగొట్టుకుంటాయి. నీలిరంగు తిరిగిన బేరింగును మార్చాల్సిందే.

అసలు ప్రమాదం ఇంకోటుంది. ఎర్రగా కాలిన ఇంజిన్ మీద బిందెలతో నీళ్లు గుమ్మరిస్తే పోత ఇనుము పగిలే అవకాశముంది. సన్నని పగులు కంటికి కనపడదు. దానికి మెకానిక్కుల పాత చిట్కా... కిరోసిన్ పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి రాయడం. పగులుంటే కిరోసిన్ ఊరి గీతలా బయటపడుతుంది.

తొందరపడొద్దు

'ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనుకుంటే బతికే బండీ చచ్చిపోతుంది. గాలిగొట్టం కాలిపోయాక ఇంజిన్లోకి నీళ్లూ బూడిదా చేరి ఉంటాయి. ముందు బ్యాటరీ తీసేయాలి. ఆయిల్ దించి చూడాలి. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిసినట్టే. నాజిళ్లు తీసి, సిలిండర్లలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, కొన్నాళ్లు నాననివ్వాలి. తర్వాత ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగిందా... సగం గెలిచినట్టే!

హెడ్డు వంకర పోయిందేమో లేత్ షాపులో చూపించాలి. డీజిల్ పంపునూ నాజిళ్లనూ పరీక్ష చేయించాలి. ఆయిల్ సీళ్లు, హోసులు, వైరింగు కొత్తవి వేయాలి. సెగ తగిలిన టైరు పైకి బాగానే కనిపించినా రోడ్డు మీద పేలొచ్చు.

లెక్క తేలాకే...

బండిని ముట్టుకోకముందే ఫొటోలు తీసి, అగ్నిమాపక కేంద్రం నుంచి ధ్రువపత్రం తీసుకుని, బీమా కంపెనీకి కబురు చేయాలి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే సొంత బండి కాలినందుకు పైసా రాదు. ప్యాకేజీ పాలసీకైతే అగ్నిప్రమాదం వర్తిస్తుంది.

ఇంజిన్ బ్లాకు, గేరుబాక్సు, హైడ్రాలిక్స్... ఈ మూడూ బాగుంటే ఖర్చు పెట్టొచ్చు. బ్లాకే పగిలితే మమకారం పక్కన పెట్టాలి. అప్పుడు కూడా తూకానికి వేయడం తెలివి కాదు. దాని గేర్లూ వెనక ఇరుసూ మరో పల్లెలోని పాత బండికి ప్రాణం పోస్తాయి.

రంగు మాట తర్వాత. ముందు సైలెన్సర్ నుంచి పొగ రావాలి. గుంటక కట్టి నల్లరేగడిలో ఒక్క చాలు తోలితే చాలు... బండి నడిచినట్టే. ఆ సాయంత్రం దాన్ని వామికి దూరంగా నిలపడం మాత్రం మరవకూడదు!