దారులు కలియు చోటు

గోదావరి కాలువగట్టు వెంట సైకిలుపై పోవువానికి దారి తప్పుదునేమో అను భయము లేదు. ప్రవాహమునకు ఎదురుగా పోయినచో ధవళేశ్వరము వైపు, ప్రవాహముతో పోయినచో సముద్రము వైపు పోవుచున్నట్లే. నీరే దారి చెప్పును. చిక్కంతయు గట్టు దిగినప్పుడు వచ్చును. ఈ కాలువనుండి ఆ కాలువకు పోవలెనన్న ఏ లాకు దగ్గర దాటవలెను? ఏ వంతెన ఎక్కవలెను? ఏ పుంత పట్టవలెను? అప్పుడు మనము చేయు పని ఒకటే. కాలు నేలకు ఆనించి, ఎదుట కనబడిన కిళ్ళీకొట్టువానిని అడుగుదుము. అతడు చేయి చాచి చూపును. అడుగనిదే అమ్మయినా పెట్టదను సామెత దారి విషయమునను నిజమే.

అయితే అడుగుటకు మనిషియే లేని దారులు కొన్ని కలవు. పెద్ద నగరములలో సైకిళ్ళ కొఱకే ప్రత్యేకముగా వేసిన దారులు అట్టివి. కార్లు, లారీలు రాకుండ వేరుచేయుటయే వాని గొప్పతనము. కాని కార్లతోపాటు కొట్లును, ఇంటి అరుగులును, దారి చెప్పు మనుషులును దూరమైపోయిరి. అట్టి దారిమీద సాగిపోవుట సులభము. ఒక దారినుండి మరియొక దారికి మారుట మాత్రము కష్టము. ఈ కష్టము ఏల కలుగునో, దానిని ఎట్లు తీర్చుకొనవచ్చునో నేడు కొంత విచారింతము.

ఇందుకు మంచి ఉదాహరణము అమెరికా ఉత్తరభాగమున మిసిసిపీ నది ఒడ్డునగల మినియాపొలిస్ నగరము. సైకిలు దారులకు ఆ దేశమున పేరుపొందిన నగరములలో ఇది యొకటి. అచ్చటి ముఖ్యమైన దారిపేరు మిడ్‌టౌన్ గ్రీన్‌వే. పడమటనున్న సరస్సుల సమీపమునుండి తూర్పున నదివరకు, ఇంచుమించు 9 కిలోమీటర్లు, నగరము నడుమగా తిన్నగా సాగును. ఇది మొదట సైకిళ్ళ కొఱకు ఏర్పడినది కాదు. ఒకనాటి రైలుమార్గమిది. రైళ్ళు నగరవీధులకు అడ్డము వచ్చుచుండుటచే ప్రమాదములును, ఆలస్యములును కలుగగా, 1912 మొదలు 1916 వరకు పొడవైన కందకమువలె నేలను త్రవ్వి పట్టాలను క్రిందికి దింపిరి. వీధులు పైన వంతెనలమీదుగా పోవుట కారంభించెను. కాలక్రమమున ఆ మార్గమున రైళ్ళు తగ్గిపోయెను. 2000, 2004, 2006 సంవత్సరములలో మూడు భాగములుగా ఆ స్థలము సైకిళ్ళకును, పాదచారులకును దారిగా మారినది.

రైలుమార్గము సైకిలుకు ఎంతయు అనుకూలము. రైలు నిట్రమైన ఎత్తు ఎక్కలేదు. అందువలన దారి సమముగా ఉండును. రైలు మాటిమాటికి ఆగరాదు. అందువలన అడ్డుదారులు తక్కువ. కాని చిక్కును అందులోనే కలదు. నగరవీధులను తప్పించుటకే ఆనాడు కందకము త్రవ్విరి. సైకిలువాడు పోవలసినది ఆ వీధులలోని ఇంటికి, బడికి, గ్రంథాలయమునకే కదా! పైన పదుల సంఖ్యలో వీధులు దాటుచుండును. పైకి ఎక్కుటకు ఏటవాలు దారులు మాత్రము కొన్ని చోట్లనే ఉండును. తలయెత్తి చూచినచో తాను చేరవలసిన వీధి నెత్తిమీదనే ఉండును. దానిని చేరుటకు మాత్రము ముందుకో, వెనుకకో పోవలెను.

ఇందునుండి గ్రహింపవలసిన మొదటి సూత్రమిది. పటములో రెండు గీతలు ఒకదానినొకటి ఖండించినంత మాత్రమున అచ్చట రెండు దారులు కలిసినట్లు కాదు. ఒకటి పైన, ఒకటి క్రింద పోవుచుండవచ్చును. కాగితముపై ఎత్తుపల్లములు కానరావు. చేతి ఫోనులోని పటమునకును తరచుగా ఈ లోపమే కలదు. అది నిలుచున్న చోటును చుక్కపెట్టి చూపును. కాని మనము వంతెనమీద ఉన్నామో, వంతెన క్రింద ఉన్నామో చుక్కనుబట్టి తెలియదు. "కుడివైపు తిరుగుడు" అని అది చెప్పినచోట కుడివైపున గోడయే ఉండవచ్చును.

దారి తప్పిన మాత్రమున ఏమాయెను, కొంత దూరము తిరిగి వత్తుము గదా అనవచ్చును. కారులో పోవువానికి అది నిజమే. సైకిలుపై పోవువాని సంగతి వేరు. ఎక్కవలసిన చోటు దాటిపోయి, కనబడిన మరియొక చోట పైకివచ్చిన తల్లిని ఊహింపుడు. వెనుక చిన్న సైకిలుపై పదేండ్ల పిల్ల వచ్చుచున్నది. అంతవరకు చెట్లనీడలో పోవుచున్న వారిద్దరును ఒక్కసారిగా బస్సులు, లారీలు పరుగెత్తు పెద్దవీధి అంచున నిలిచిరి. ఎటు తిరుగవలెనో తెలియక తల్లి వెనుకకు చూచుచున్నది. ప్రమాదము జరుగకపోవచ్చును. కాని మరునాటినుండి ఆ రెండు సైకిళ్ళును ఇంటిగోడకు చేరగిలబడియే ఉండును. గొలుసు బలము దానిలోని మిక్కిలి బలహీనమైన కొక్కెమును బట్టి యుండునట్లు, సైకిలుదారుల విలువయు అవి కలియుచోట్లను బట్టియే యుండును.

మినియాపొలిస్ వారు ఈ సంగతిని అనుభవముచేతనే తెలిసికొనిరి. గ్రీన్‌వే తూర్పుభాగమున హయావతా అను విశాలమైన రాజమార్గము అడ్డువచ్చును. మొదట సైకిళ్ళు ఆ రాజమార్గమును నేలమీదనే, వాహనముల నడుమ దాటవలసి యుండెను. 2007లో తీగలతో వ్రేలాడదీసిన వంతెనను దానిపై నిర్మించిరి. మార్టిన్ ఓలవ్ సేబో అను అమెరికా కాంగ్రెసు సభ్యుని పేరు దానికి పెట్టిరి. తొమ్మిది కిలోమీటర్ల దారిలో వంతెన పొడవు స్వల్పమే. ఆ స్వల్పభాగము లేనంతకాలము పసిపిల్లలతో పోవువారికి దారి రెండు ముక్కలుగనే యుండెను.

కలిసిన దారులు మరల విడిపోవుటయు కలదు. గ్రీన్‌వేనుండి సీడర్ లేక్ ట్రెయిల్ అను మరియొక దారికి పోవుటకు నడుమ కెనిల్వర్త్ అను చిన్నదారి యుండెను. 2019లో విద్యుద్రైలు మార్గము నిర్మించుటకై దానిని మూసివేయగా, సైకిలువారు చుట్టుదారి పట్టవలసి వచ్చెను. అట్టి సమయమున పాత పటము మౌనముగా అబద్ధము చెప్పును. పేర్లును ఇట్లే మారుచుండును. గ్రీన్‌వే పడమటి కొసకు సమీపమునగల సరస్సును చాలకాలము లేక్ కాల్హూన్ అని పిలిచిరి. ఆ భూమికి మొదటివారైన డకోటా ప్రజలు దానిని పిలిచిన పేరు బ్దె మకా స్కా. తెల్లమట్టి చెరువని దానికి అర్థము చెప్పుదురు. 2018లో రాష్ట్రప్రభుత్వము ఆ పేరును పునరుద్ధరించినది. పాతపటము చేతబట్టి వచ్చినవాడు ఒక సరస్సునే రెండనుకొనుట సహజము.

ఇక ఈ నగరమే దారి చెప్పు విధములను చూతము. గ్రీన్‌వే తూర్పుపడమరలుగా తిన్నగా పోవును. కావున నది ఎటున్నదో అది తూర్పు, సరస్సులు ఎటున్నవో అది పడమర. ఇంటిలోని గదులకు సైతము ఉత్తరపుగది, తూర్పు వసారా అని పేరుపెట్టు మనకు ఇది సులభముగా పట్టుబడును. అంతకంటె చమత్కారమైన ఏర్పాటు మరియొకటి కలదు. పడమటిభాగమున ఉత్తరదక్షిణములుగా పోవు వీధులకు ఇంగ్లీషు అక్షరక్రమమున పేర్లుపెట్టిరి. ఆల్డ్రిచ్, బ్రయంట్, కోల్ఫాక్స్, డ్యూపాంట్, ఎమర్సన్, ఫ్రీమాంట్, జిరార్డ్, హంబోల్ట్ అను వరుసలో ఏ, బీ, సీ, డీ అక్షరములు ఒకటొకటిగా పడమటికి సాగిపోవును. పైనున్న వంతెన ఎమర్సన్ వీధిదని తెలిసినచో, బ్రయంట్ మూడు వీధుల వెనుక తూర్పుననున్నదని వెంటనే లెక్కింపవచ్చును. ఎవ్వరిని అడుగనక్కరలేదు.

అన్ని ఊళ్ళకును అట్టి అదృష్టము ఉండదు. అచ్చట దారిపలకలే మాటాడవలెను. అమెరికాలోని నగరముల రవాణా అధికారుల సంఘము సైకిలు దారులకు మూడు విధములైన పలకలు కావలెనని చెప్పుచున్నది. మొదటిది నిర్ణయ ఫలకము. రెండు దారులు విడిపోవుటకు ముందే నిలిచి, ఏది ఎచ్చటికి, ఎంతదూరమో తెలుపును. రెండవది మలుపు ఫలకము. తిరుగవలసిన చోటును సూచించును. మూడవది ధైర్యఫలకము అనదగినది. అది క్రొత్తసంగతి ఏమియు చెప్పదు. "నీవు సరియైన దారిలోనే ఉన్నావు" అని మాత్రము చెప్పును. ప్రత్యేకమైన సైకిలుదారిపై 400 మీటర్లనుండి 800 మీటర్లకు ఒకటి చొప్పున అది ఉండవలెనట. ఈ మూడవదానిని అనవసరమని తలచువారు కలరు. అనుమానముతో సైకిలు తొక్కినవారు మాత్రము అట్లు అనరు.

ఐరోపాలో ఇంకను సులభమైన ఉపాయము పుట్టినది. బెల్జియములోని లింబర్గ్ ప్రాంతము బొగ్గుగనుల దేశము. గనుల యింజనీరుగా పనిచేసిన హ్యూగో బోలెన్ అను ఆయన సైకిలుదారులకు పేర్లు పెట్టుటకు బదులు అవి కలియుచోట్లకు అంకెలు పెట్టవలెనని సూచించెను. ఆ పద్ధతి 1995లో అమలులోనికి వచ్చి, తరువాత నెదర్లాండ్సుకును వ్యాపించినది. ప్రతి కూడలిలో దాని అంకెయు, అచ్చటినుండి పోవు ప్రతిదారికి తరువాత వచ్చు కూడలి అంకెయు వ్రాసియుండును. పోవువాడు ఇంటివద్దనే పటము చూచి, 12, 15, 27 అని చీటిమీద వ్రాసికొన్న చాలును. భాష రానివాడును, ఆ ప్రాంతమునకు క్రొత్తవాడును సమానముగా పోగలడు. దారులనుగాక అవి కలియుచోట్లను ప్రధానముగా తలచుటయే ఈ పద్ధతిలోని మర్మము.

పిల్లలను చూచుటకు విదేశములకు పోయి నెలల తరబడి ఉండి వచ్చు తలిదండ్రులు నేడు మనలో చాలమంది కలరు. అచ్చట సైకిలు తీసికొని బయలుదేరదలచినవారికి నాలుగు మాటలు. మొదట పటములో దారుల పొడవు చూడక, అవి కలియుచోట్లను చూడుడు. ప్రతిచోట ఎక్కవలెనో, దిగవలెనో తెలిసికొని వరుసగా చీటిమీద వ్రాసికొనుడు. రెండవది, ఎక్కవలసిన చోటుతోపాటు దానికి ముందటి గుర్తును, దాటిపోయినచో తరువాత కనబడు గుర్తును తెలిసికొనుడు. దాటిపోయితిమని తెలిసినవాడు దారి తప్పినవాడు కాడు. మూడవది, ప్రతి మలుపువద్ద ఒక్కక్షణము ఆగి వెనుదిరిగి చూడుడు. తిరిగివచ్చునప్పుడు కనబడు దృశ్యము అదే. పోవునప్పటి దారియు, వచ్చునప్పటి దారియు కంటికి ఒకటి కావు. నాలుగవది, అనుకొన్న గుర్తు తగినంత కాలమునకు కనబడనిచో, ముందెక్కడనో కనబడునను ఆశతో పోక, తెలిసిన చోటికి మరలి రండు.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి పక్కన, సౌరఫలకముల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలుదారిని 2023లో ప్రారంభించిరి. ఎండకు, వానకు వెరవక త్రొక్కదగిన దారి అది. కాని దానిని చూచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న దాని పొడవును గూర్చినది కాదు. నాలుగు కిలోమీటర్ల దూరమున నివసించు బాలుడు తన ఇంటి గుమ్మమునుండి సైకిలుపైననే దానిని చేరగలడా? చేరి, దిగవలసిన చోట దిగి, క్షేమముగా తిరిగి రాగలడా? క్రొత్తదారి వేయునప్పుడెల్ల ఈ ప్రశ్న అడిగి తీరవలెను.

కాలువగట్టుమీద కిళ్ళీకొట్టువాడు చేయి చాచి చూపిన దారి మనకు ఉచితముగా లభించినది. అతడు లేనిచోట ఆ చేయిని మనమే పలకగానో, అంకెగానో పాతవలసియున్నది. దారి వేసినవారి పని దారి ముగిసినచోట ముగియదు. అది తరువాతి దారితో కలిసినచోటనే ముగియును.