శాస్త్రీయ సంగీతాన్ని కూడబెట్టుకోవడం ఎలా?

శాస్త్రీయ సంగీతం అనగానే మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది "అది మనది కాదులే" అంటారు. మేము ఒప్పుకోము. ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో నాదస్వర కుటుంబంలో పుట్టిన షేక్ చిన మౌలానా, తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ముస్లిం విద్వాంసుడు త్యాగరాజ కీర్తన వాయిస్తే దేశమంతా విన్నది. ఇక తాళం సంగతంటారా? డప్పు దరువు వింటూ పెరిగిన చెవికి ఆదితాళంలో 8 అక్షరాలు లెక్కపెట్టడం ఎంత పని! పైగా త్యాగరాజు రాసింది తెలుగులో. తమిళ శ్రోత అర్థం వెతుక్కోవాలి, మనకా శ్రమ సగం తక్కువ.

వందల పాటలు ఒకేసారి ఎక్కించుకోవద్దు. ఒక్క కీర్తన చాలు. ఆభేరి రాగంలో 'నగుమోము'ను ముందు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో వినండి. తర్వాత అదే కీర్తన నాదస్వరం మీద, వీణ మీద సంపాదించండి. మాట లేకుండా రాగం ఎలా నిలబడుతుందో అప్పుడు తెలుస్తుంది. 72 మేళకర్తలు కంఠస్థం చేయడం పరీక్షలకే గాని వినడానికి అక్కరలేదు.

మన వాళ్లలో ఈమని శంకరశాస్త్రి వీణ, ఓలేటి వెంకటేశ్వర్లు గాత్రం తప్పనిసరి. అందరికంటే ముందు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) వయొలిన్. పాత గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే. అంతలోనే రాగం రూపు చూపించాలి గనుక కొత్తవారికి గంటల కచేరీ కంటే అవే సులువు.

కాస్మెటిక్ ఛార్జీల్లో మిగిల్చి క్యాసెట్ కొనే రోజులు పోయాయి. గంట సంగీతం ఎంపీ3గా 128 కిలోబిట్ల నాణ్యతతో దాదాపు 58 ఎంబీ. 32 జీబీ కార్డులో 500 గంటలకు పైగా పడుతుంది. మన చట్టం ప్రకారం రికార్డు వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. అవి తీరినవి నిశ్చింతగా పంచుకోవచ్చు. మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కితే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో టికెట్ లేని కచేరీలూ దొరుకుతాయి.

చోటు దొరికింది గదా అని పేరు లేకుండా పోగేస్తే మాత్రం అది చిత్తు కాగితాల గోనె. 'ట్రాక్ 07' అని ఉంటే ఎవరికి తెలుస్తుంది? పాడినవారు, రాగం, తాళం, పక్క వాద్యాలవారు, ఊరు, ఏడాది రాసుకోండి. మృదంగం వాయించినాయన పేరే ముందుగా మాసిపోయేది. రెండో ప్రతి వేరే చోట ఉంచండి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. రేడియో ముందు కూర్చుని రికార్డు చేసుకున్న పాత క్యాసెట్లు అటక మీద ఉంటే పారేయకండి. బూజు పట్టినా సరే, హాస్టల్‌కు తెచ్చివ్వండి. తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, క్యాసెట్ మీకే తిరిగి ఇస్తాము.