వాక్చికిత్స: పైచదువు ఎచ్చట?

మైలవరము, జమ్మలమడుగు సీమలో బిడ్డను డాక్టరు చదువునకు పంపుట యెల్లరెరుగుదురు. మాట రాని శిశువునకు, నత్తి గలవారికి, పక్షవాతముచే పలుకు పోయిన వృద్ధులకు చికిత్స చేయు విద్య యొకటి కలదని యెందరెరుగుదురు?

ఇందు పట్టభద్రులై పైచదువు కోరువారికి 1965లో వెలసిన మైసూరు అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ ముందుగా స్ఫురించును. ఎచ్చటికి దరఖాస్తు పెట్టినను ఆ చదువునకు భారత పునరావాస మండలి యామోదము కలదా యని మొదట విచారింపవలయును. 1992 నాటి శాసనము ననుసరించి ఆ మండలి పట్టికలో పేరు లేనివారు ఈ వృత్తి చేయరాదు. అమెరికా యోగ్యతాపత్రమునకు 400 గంటల శిక్షణ కావలయును. అందు 375 గంటలు రోగులతోనే గడుపవలయును.

ఆ రోగులు ఏ భాష మాట్లాడుదురు? మా దృష్టిలో అసలు ప్రశ్న యిది. కల, కళ, కల్ల: తెలుగు బిడ్డకు మూడును వేరు మాటలు. ఆంగ్లమున ళకారమే లేదు. ఆ భాషకై కూర్చిన పరీక్ష ఈ భేదము నెట్లు పట్టును? కన్నడము మనకు చేరువదే గాని, క్రియారూపములు వేరు గదా! ఫీజును, వసతిని గూర్చి వ్రాయు తండ్రులు, తమ బిడ్డకు తెలుగు రోగులతో అభ్యాసము దొరకునా యనియు అడుగవలయును. సరియైన జవాబు రానిచో మరియొక సంస్థకు దరఖాస్తు పంపుట మేలు.