షవరులో చేరిన పలనాటి రాయి

కొండవీటి దుర్గమును చూడబోయినవారు కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అను మూడు జలాశయములను చూచియే యుందురు. రెడ్డిరాజుల కాలమున కోటలోని జనులకు ఆధారము కొండపై నిలిచిన వాననీరు. మబ్బునుండి రాలిన నీటియందు కరిగిన రాయి యుండదు. దానినే మృదుజలమందురు. కొండ దిగి వాయవ్యముగా పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్లల వైపు పోవుకొలది భూమి స్వభావము మారును. అచట నేల క్రింద సున్నపురాయి పరచుకొని యున్నది. అది మన యిండ్లలో నాపబండ యగుచున్నది, బట్టీలలో సున్నమగుచున్నది, కర్మాగారములలో సిమెంటగుచున్నది. ఆ రాయియే కంటికి కనబడక బోరునీటితో కలిసి స్నానపుగదిలోని షవరు వరకు వచ్చుచున్నది.

షవరు పాడైనదని ఏటేటా క్రొత్తది కొను కుటుంబములను మేము పెక్కింటిని ఎరుగుదుము. వారు దుకాణమువానిని నిందింతురు. కాని పారవేసిన షవరులలో చాలభాగము చెడినవి కావు, నోళ్లు మూసికొనిపోయినవి మాత్రమే.

ఇది యెట్లు జరుగునో చూతము. వాననీరు గాలిలోను, మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పముగా ఆమ్లగుణము పొందును. ఆ నీరు సున్నపురాయిని కరిగించి కాల్షియం బైకార్బొనేటుగా మార్చి తనలో నిలుపుకొనును. ఆ నీరు కాగినను, ఆరినను వాయువు విడిపోయి మరల రాయియే మిగులును. నీళ్లు కాచు గిన్నె అడుగున పేరుకొను తెల్లని పెచ్చు ఇదియే. స్నానమైన పిదప షవరు రంధ్రమున నిలిచిన బొట్టు తెల్లవారునప్పటికి ఆరి, సన్నని పొరను విడిచిపోవును. గీజరు నీటితో ఇది మరింత త్వరపడును. వేరు ఆధారము లేనిచోట త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 600 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణము అనుమతించుచున్నది. అట్టి నీరు పదునైదు లీటర్ల బకెట్టెడు తీసికొన్నచో అందు తొమ్మిది గ్రాముల రాయి యున్నట్లే లెక్క.

షవరును విప్పుటకు ముందు రోగమెచటనున్నదో తెలిసికొనవలెను. గదిలోని కొళాయి కూడ సన్నగా వచ్చుచున్నచో దోషము ట్యాంకులోనో, గొట్టములోనో కలదు. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి యుండును. పది మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో మాత్రమే. డాబా నేలమీదనే ట్యాంకును ఉంచి, దాని క్రింది గదిలోనే షవరును బిగించినవారికి అందులో పదవవంతు లభించును. వారు ఎన్ని షవరులు మార్చినను ప్రయోజనము లేదు, ట్యాంకును ఎత్తవలసినదే. కొళాయి కట్టిన పిదప కొంతసేపు బొట్లు పడుట లోపల నిలిచిన నీటివలన. రాత్రియంతయు పడుచున్నచో షవరు నిరపరాధి, కొళాయిలోని వాషరు అరిగినది. మోటారు మరమ్మతు జరిగిన మరునాడే ధార తగ్గినచో షవరు మెడలోని జాలీలో ఇసుక చేరియుండును. ధారలు ప్రక్కలకు చిమ్ముచు, కొన్ని రంధ్రములు పూర్తిగా మూగవోయి, చుట్టును తెల్లని పెచ్చు కనబడినచో అది రాయి పనియే.

పానాకు నికెలు పూత గీరుకొనిపోకుండ గుడ్డ చుట్టి షవరును విప్పవలెను. రాయిని కరిగించునది పులుపు. వెనిగరు, మన ఉర్దూ ఇండ్లలో సిర్కా, అందులకు చాలును. నిమ్మరసము, చిక్కని చింతపండు పులుసు కూడ పనిచేయును, కాని కొంత ఆలస్యముగా. ఒక గిన్నెలో మునుగునట్లు గంటసేపు ఉంచినచో బుడగలు లేచును. భూమిలో నీరు పీల్చుకొన్న వాయువే ఇప్పుడు బయటపడుచున్నది. షవరు విప్పుటకు రానిచో వెనిగరు పోసిన ప్లాస్టిక్ సంచిని దానికి కట్టవచ్చును. రాత్రియంతయు నానబెట్టరాదు, పూత చెడును. పిమ్మట పాత పండ్లకుంచెతో రుద్ది, మిగిలిన రంధ్రములను సూదితో తెరువవలెను. రబ్బరు మొనలు గలవానికి సూది తగదు, బొటనవ్రేలితో నలిపిన చాలును.

ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. తొందరపడి మరుగుదొడ్లు కడుగు యాసిడ్‌ను వాడువారు కలరు. అది రాయితో పాటు లోహమును కూడ తినివేయును. అంతకంటె భయంకరమైనది, దానితో బ్లీచింగు పౌడరు కలియుట. తక్షణమే క్లోరిన్ వాయువు వెలువడును. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దహించివేయును. ముఖ్యముగా హాస్టళ్లలో ఒకరు ఒకటి చల్లి పోగా మరియొకరు రెండవది పోయుట సంభవము. వెనిగరును కూడ బ్లీచింగు చల్లిన చోట వాడరాదు.

తిరిగి బిగించుటకు ముందు కొళాయి ఒకసారి తెరచి గొట్టములోని చెత్తను పోనీయవలెను. గొట్టపు మరలను మన కెదురుగా ఉంచుకొని, గడియారపు ముల్లు తిరుగు దిశలో టెఫ్లాన్ టేపును నాలుగైదు చుట్లు చుట్టవలెను. ఎదురుదిశలో చుట్టినది బిగించునపుడే ఊడివచ్చును. చేతితో బిగించి, పానాతో కొద్దిగా త్రిప్పిన చాలును.

ఇంత చేసినను ధార సరికానిచో అప్పుడు క్రొత్తది కొనవచ్చును. సాధారణముగా మన ఇండ్ల గొట్టములకు అర అంగుళపు మర సరిపోవును. పలనాటి బోరునీటికి మెరుగు పలకల షవరుకంటె రబ్బరు మొనలు గలదే మేలు.