మిగిలిన జాగా మొత్తం నింపాలంటే: సీఎస్‌ఎస్‌లో హైట్ తిప్పలు

ఈ ఎపిసోడ్‌లో ఒకటే విషయం. వెబ్ పేజీలో పైన హెడర్ ఉంది, కింద బటన్ ఉంది. ఆ రెండూ పోను మధ్యలో మిగిలిన జాగా అంతటినీ ఒక డబ్బా నింపాలి. వినడానికి చిన్న పనే. కానీ దీనివల్ల మా మామ దగ్గర నా ఇజ్జత్ పోయింది. ఆ కథతోనే మొదలుపెడతా.

మా మామది టేక్మాల్. మెదక్ జిల్లాలో మండల కేంద్రం. అక్కడ ఆయనకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. నాట్ల టైమ్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకటే ప్రశ్న: "యూరియా వచ్చిందా?" చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్ల మీద వస్తారు. లేదంటే ఉత్త చేతులతో వాపస్ పోతారు. పెట్రోల్ దండగ, ఒక పూట దండగ. అందుకని నేనే ఒక పేజీ చేసిచ్చా. పైన దుకాణం పేరు, మధ్యలో స్టాక్ లిస్టు, కింద 'ఫోన్ చేయండి' అని ఒక పచ్చ బటన్. లింక్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. నా లాప్‌టాప్‌లో అయితే మస్తుగా కనపడింది.

రెండు రోజులకు మామ ఫోన్ చేసిండు. "ఫోన్ బటన్ ఏడ పెట్టినవ్ రా? ఒక్కరికి కూడా కనపడ్తలేదు." లిస్టులో స్టాక్ ఉందని చూసి, అడుగుదామంటే బటన్ దొరక్క, ఒక పెద్దాయన 6 కిలోమీటర్లు వచ్చిండట. ఆయన వచ్చేసరికి బస్తాలు అయిపోయినయ్. తప్పు పూర్తిగా నాదే.

నేనేం రాశానో చూడండి. మధ్య డబ్బా హైట్‌కి క్యాల్క్ వాడి, 100 వీహెచ్ మైనస్ 120 పిక్సెల్స్ అని పెట్టా. హెడర్‌కి 60, బటన్‌కి 60 అని నా లెక్క. ఇంట్లో జీతం వచ్చినప్పుడు ఏం చేస్తాం? కిరాణా, కరెంటు బిల్లు, కిస్తీ పోను మిగిలింది జేబులో పెట్టుకుంటాం. అంతేగానీ జనవరిలో 3000 మిగిలిందని ప్రతి నెలా 3000 ఖర్చు పెడితే? ఎండాకాలం కరెంటు బిల్లు రాగానే దొరికిపోతాం. నా 120 కూడా అలాంటిదే.

ఆ బిల్లు ఎలా పెరిగిందంటే, దుకాణం పేరు తెలుగులో ఉంది. చిన్న స్క్రీన్ మీద అది రెండు లైన్లయింది. పైగా మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి తెగిపోకుండా లైన్ హైట్ కూడా కాస్త ఎక్కువే ఇచ్చా. మామ లాంటి వాళ్లు ఫోన్లో అక్షరాలు పెద్దగా పెట్టుకుంటారు కూడా. 60 అనుకున్న హెడర్ 100 దాటింది. తెలుగులో పేజీ చేసేవాళ్లు హెడర్ హైట్‌ని నంబర్‌తో ఫిక్స్ చేయకూడదని నేను గట్టిగా చెప్తా.

మరి పర్సెంట్ పెడితే అయిపోతుంది కదా అంటారు. నేనూ పెట్టి చూశా. హైట్ 100 పర్సెంట్ అంటే బయటి డబ్బా హైట్‌లో నూటికి నూరు. ఆ బయటి డబ్బాకు మనం హైట్ ఇవ్వకపోతే, లోపలున్న కంటెంట్‌ని బట్టి దాని హైట్ వస్తుంది. అంటే లోపలిది బయటిదాన్ని అడుగుతోంది, బయటిది లోపలిదాన్ని అడుగుతోంది. అప్పుడు బ్రౌజర్ మన 100 పర్సెంట్‌ని పక్కన పెట్టి, ఆటో అనుకుంటుంది. సరే, పైనుంచి కిందిదాకా అన్నిటికీ హైట్ ఇచ్చామనుకోండి, అప్పుడు మధ్య డబ్బా ఒక్కటే మొత్తం స్క్రీన్ అడుగుతుంది, బటన్ కిందికి పోతుంది. మిగిలింది ఇవ్వు అనే మాట పర్సెంట్‌కి రాదు.

ఆ మాట వచ్చేది ఫ్లెక్స్‌బాక్స్‌కి. సీఎస్‌ఎస్ మొదటి వెర్షన్ 1996లో వచ్చింది, ఫ్లెక్స్‌బాక్స్ మొదటి డ్రాఫ్ట్ 2009లో. మధ్యలో ఇన్నేళ్లు జనం టేబుళ్లతో, జావాస్క్రిప్ట్‌తో ఎన్ని తిప్పలు పడ్డారో!

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. బాడీకి డిస్‌ప్లే ఫ్లెక్స్, ఫ్లెక్స్ డైరెక్షన్ కాలమ్. మార్జిన్ జీరో కూడా పెట్టండి, ఎందుకంటే బ్రౌజర్ మనం అడక్కుండానే బాడీకి 8 పిక్సెల్స్ మార్జిన్ ఇస్తుంది. మధ్య డబ్బాకు ఫ్లెక్స్ 1, ఓవర్‌ఫ్లో వై ఆటో. హెడర్‌కి, బటన్‌కి హైట్ రాయనే రాయం. వాటికి కావాల్సింది అవి తీసుకున్నాక మిగిలిందంతా మధ్య డబ్బాదే. పేరు మూడు లైన్లయినా లెక్క తప్పదు. గ్రిడ్ ఇష్టమున్నోళ్లు గ్రిడ్ టెంప్లేట్ రోస్ ఆటో, 1 ఎఫ్ఆర్, ఆటో అని రాసుకోండి, అదే పని.

ఇంతకీ బాడీ హైట్ ఎంత? నా రెండో తప్పు ఇక్కడుంది. ఒక వీహెచ్ అంటే స్క్రీన్ హైట్‌లో నూరో వంతు. కానీ ఫోన్ బ్రౌజర్లలో 100 వీహెచ్ అంటే అడ్రస్ బార్ దాక్కున్నప్పటి హైట్. పేజీ తెరవగానే బార్ పైన కనపడుతూనే ఉంటుంది కదా, అంత మేర మన పేజీ కిందికి జారుతుంది. జారేది సరిగ్గా ఆ పచ్చ బటనే. పేజీ తోద్దామని లిస్టు మీద వేలు పెడితే ముందు లిస్టే కదులుతుంది. లాప్‌టాప్‌లో బార్ దాక్కోదు కాబట్టి నాకు తెలియనే లేదు.

దీనికి డీవీహెచ్ అని కొత్త యూనిట్ వచ్చింది. బార్ ఉంటే ఒక హైట్, పోతే ఇంకో హైట్, దానంతటదే మారుతుంది. సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో మూడింట్లోనూ 2022లోనే వచ్చేసింది. క్రోమ్ అయితే 108 వెర్షన్ నుంచి. ఊళ్లో పాత ఫోన్లు ఉంటాయి కాబట్టి రెండు లైన్లు రాయండి: ముందు హైట్ 100 వీహెచ్, దాని కింద హైట్ 100 డీవీహెచ్. పాత బ్రౌజర్ అర్థం కాని రెండో లైన్‌ని వదిలేస్తుంది, కొత్తది రెండోదే తీసుకుంటుంది. వరుస మాత్రం తిప్పి రాయొద్దు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బటన్ ఎప్పుడూ కనపడాలంటే హైట్. వ్యాసం లాంటి పొడుగు పేజీలో ఫుటర్ చివర్న ఉంటే చాలనుకుంటే మిన్ హైట్. దుకాణం పేజీకి నేను హైట్ పెట్టా.

అన్నీ చేసినా ఇంకో చోట ఇరుక్కుపోయా. తర్వాత ఆ లిస్టుని విత్తనాలు, ఎరువులు అని రెండు భాగాలు చేసి, స్క్రోల్‌ని మధ్య డబ్బా నుంచి తీసి లోపలి లిస్టుకి ఇచ్చా. మళ్లీ బటన్ మాయం! ఫ్లెక్స్‌లో ఉన్న డబ్బాకు మిన్ హైట్ ఆటో అని ముందే ఉంటుంది. అంటే లోపలి కంటెంట్ కంటే చిన్నగా కాను అని మొండికేస్తుంది. దానికే స్క్రోల్ ఉంటే ఆ మొండితనం పోతుంది, స్క్రోల్ లోపల ఇంకోదానికి ఉంటే పోదు. అందుకే మధ్య డబ్బాకు మిన్ హైట్ జీరో రాయాలి. లోపలిది కూడా ఫ్లెక్స్ కాలమే అయితే అక్కడ కూడా ఒకసారి చూసుకోండి. ఈ ఒక్క లైన్ కోసం నాకు రాత్రి రెండయింది.

ఈసారి లింక్ పంపేముందు మామ ఫోన్లోనే, అక్షరాలు అంత పెద్దగా ఉండగానే తెరిచి చూశా. బటన్ కనపడింది. మామ నొక్కిండు, గల్లా పక్కనున్న దుకాణం ఫోన్ మోగింది. "మరి స్టాక్ అయిపోయినంక లిస్టులకెల్లి ఎవరు తీయాలె?" అన్నాడు. అది సీఎస్‌ఎస్‌తో అయ్యే పని కాదు, వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం.